శామీర్‌పేటకు సెల్ఫ్ లేని ప్రయాణం

మా కాలనీలో కాశీ వెళ్ళి వచ్చినవాళ్ళు ఇంటింటికీ చిన్న సీసాలో గంగ పంచుతారు. సింగపూర్ వెళ్ళి వచ్చినవాళ్ళు ఫొటోల ఆల్బమ్ తెచ్చి, మనం చివరి ఫొటో దాకా చూస్తేనే కుర్చీలోంచి లేస్తారు. నేను శామీర్‌పేట వెళ్ళి వచ్చాను. మేడ్చల్‌లో మా ఇంటి నుంచి పట్టుమని పదిహేను కిలోమీటర్లు ఉండదు. దీన్ని కూడా యాత్ర అంటారా అని ఎదురింటి శర్మగారు నవ్వారు. కాశీ వెళ్ళినవాళ్ళలో ఒక్కరైనా తాము ఎక్కిన రైలుని దిగి తోశారా అని అడిగాను. ఆయన పేపరు మడత విప్పుకుని లోపలికి వెళ్ళిపోయారు. అటువైపు వెళ్ళని వాళ్ళ కోసం, ముఖ్యంగా ఆయన కోసం, ఇది రాస్తున్నాను.

మాది రావులపాలెం వైపు. ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. ఫ్యాక్టరీలో రంగుల సెక్షన్‌లో గుమాస్తాని. ఏ ఇనుముకి ఎన్ని పూతలు వేస్తే తుప్పు పట్టదో పాతికేళ్ళు కాగితాల మీద రాశాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మమ్మల్ని స్వచ్ఛందంగా పదవీ విరమణ చేయమని యాజమాన్యం బలవంతపెట్టింది. అలా చేతికొచ్చిన దాంట్లో కొంత పెట్టి ఒక పాత డీజిల్ పికప్ బండి కొన్నాను. బండికి పన్నెండేళ్ళని అమ్మినవాడు చెప్పాడు. ఆ మాట మొదటిసారి ఎవరితో, ఎప్పుడు చెప్పాడో నేను అడగలేదు.

బండి కొన్నది మా ఆవిడ సత్యవతి కోసం. శామీర్‌పేట అవతల ఏవో పెద్ద భవనాలు కడుతున్నారు. అక్కడి అరవై మంది పనివాళ్ళకి రోజూ మధ్యాహ్నం భోజనం పంపే పని ఆవిడకి దొరికేలా ఉంది. సైటు సూపర్‌వైజర్ రాజిరెడ్డి షరతు పెట్టాడు.

"మూడు రోజులు చూస్తం సార్. పన్నెండున్నర కొట్టంగనే అన్నం కనబడాలె. ఒక్కపూట ఆలస్యమైతే మాఫ్. రెండోసారి అయిందనుకో, ఇగ మీరు రావొద్దు."

ఇరవై ఎనిమిదేళ్ళుగా సత్యవతి చుట్టాలకి వండిపెడుతూనే ఉంది. తిన్నవాళ్ళు త్రేన్చి వెళ్ళారు తప్ప, రేపు కూడా కావాలని బయటివాళ్ళు అడగడం ఇదే మొదలు. ఆ సాయంత్రం ఆవిడ ఒక పెద్ద గరిటె కొనుక్కొచ్చి, దాన్ని నాలుగుసార్లు సంచిలోంచి తీసి చూసుకుంది. అది చూశాక ఈ పని ఎలాగైనా ఆవిడకి దక్కాలని నాకు గట్టిగా అనిపించింది.

బయల్దేరక ముందు: ఆయుధపూజ

మా మూడు రోజుల పరీక్షకి ముందు దసరా వచ్చింది. బండి పాతసామాన్ల కొట్టులోంచి లేచి వచ్చినట్టుందని సత్యవతి అంది. రంగుల సెక్షన్‌లో పాతికేళ్ళు చేసినవాడితో అనాల్సిన మాట కాదు. వెండిరంగు డబ్బా తెచ్చి, బానెట్ ఎత్తి, కనబడిన ప్రతి రేకుకీ, ప్రతి బోల్టుకీ పూశాను. పైపైన పని చేయడం నాకు రాదు. బ్యాటరీ నుంచి వచ్చే లావుపాటి తీగని బండి ఇనుముకి బిగించిన చోట కూడా బోల్టు విప్పి, కింద రెండు పూతలు వేసి, ఆరనిచ్చి, మళ్ళీ బిగించాను.

కాలనీ అంతా వచ్చి చూసింది. "ఎవరు వేశారండీ మూర్తిగారూ? షోరూమ్‌లో బండిలా ఉందే!" అన్నారు శర్మగారు.

"నేనే," అన్నాను.

సత్యవతి స్టీరింగుకీ, బ్యాటరీకీ పసుపు రాసి బొట్లు పెట్టింది. తర్వాత చెంగు దోపుకుని, బండి కిందికి వంగి, సెల్ఫ్ మోటరుకి కూడా పెట్టింది. తాళం తిప్పగానే ఇంజన్‌ని కదిలించే మోటరుని అందరూ సెల్ఫ్ అనే అంటారు. "పొద్దున్నే బండిని నిద్ర లేపేది అదే కదండీ," అంది. మిగతా రంగు ఇంకా తడిగా ఉందని ఇంజన్ వేయలేదు. మగవాళ్ళందరూ తోసి బండిని నిమ్మకాయల మీదికి ఎక్కించారు. తర్వాతి రోజులకి అది మంచి సాధన అయింది.

మొదటి రోజు: కాలనీ గేటు, పెట్రోలు బంకు

అన్నం, ముద్దపప్పు, ఆవకాయ, పులుసు గిన్నెలన్నీ బండిలోకి ఎక్కాయి. తాళం తిప్పాను. 'టక్' అంది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ అదే టక్, ఇంకేం లేదు.

శర్మగారు వరండాలోంచే రోగం తేల్చేశారు. ఆయన కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. "సెల్ఫ్ లోపలి తీగచుట్ట, ఆర్మేచర్, కాలిపోయిందండీ. సెల్ఫ్ మార్చాల్సిందే," అన్నారు. కాలిన వాసన రాలేదే అన్నాను. వాసన రాకుండా కాలడమే అసలు ప్రమాదమన్నారు.

మా కోస్తావాళ్ళకి బండి తోసే ముందు సభ జరగాలి. రెండో గేరులో పెట్టాలని ఒకరు, మూడో గేరని ఇంకొకరు. క్లచ్ ఎప్పుడు వదలాలో చెప్పిన పెద్దమనిషికి సైకిల్ కూడా లేదు. ఈలోగా రోడ్డు మీద పోతున్న నలుగురు స్థానికులు ఏమీ అడగకుండా వచ్చి వెనక భుజాలు ఆనించారు. "ఇగ ఇడువు సార్!" అని అరిచారు. వదిలాను. ఇంజన్ లేచింది. వాళ్ళు చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. మావాళ్ళు మాత్రం ఏ గేరు వల్ల లేచిందో తేల్చుకోవడానికి గేటు దగ్గరే ఉండిపోయారు.

ఇక ఇంజన్ ఆపకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మూడు కిలోమీటర్లు పోయాక డీజిల్ కోసం బంకులో ఆగాను. ఎదురుగా 'ఇంజన్ ఆపవలెను' అని బోర్డు. పాతికేళ్ళ ఉద్యోగంలో నేను ఒక్క బోర్డునీ ధిక్కరించలేదు. బుద్ధిగా ఆపాను. తాళం ఇంకా నా చేతిలో ఉండగానే నేనేం చేశానో తెలిసింది. అక్కడ చదునైన నేల, మధ్యాహ్నపు ఎండ, తోయడానికి బంకువాళ్ళు ఇద్దరు. ఇంకో నలుగురు పోగయ్యేసరికి ఇరవై ఐదు నిమిషాలు పోయాయి.

సైటు చేరేసరికి పన్నెండూ యాభై ఐదు. అరవై మంది పళ్ళేలు పట్టుకుని ఎండలో కూర్చున్నారు. రాజిరెడ్డి వాచీ ఉన్న చెయ్యి నా ముందు పెట్టాడు. తిట్టినా అంత సిగ్గుగా ఉండేది కాదు.

వడ్డించేటప్పుడు ఒక తాపీ మేస్త్రీ పులుసు నాలిక మీద వేసుకుని ఆగిపోయాడు. "గిదేంది సార్? పులుసుల చక్కెర పడ్డదా?"

"చక్కెర కాదు, బెల్లం. మా గోదావరి వైపు అలాగే చేస్తారు," అన్నాను.

"పాయసంల ఏస్తరు గని పులుసుల ఏందన్నా," అని పక్కవాడు నవ్వాడు. ఆవకాయ మాత్రం గిన్నె అడుగు కనిపించేదాకా తిన్నారు. పులుసు సగం వెనక్కి వచ్చింది.

చెరువు కట్ట: మల్లమ్మ వాలు

సెల్ఫ్ లేనివాడికి లోకంలో రెండే రకాల చోట్లు ఉంటాయి, వాలు ఉన్నవీ, లేనివీ. శామీర్‌పేట చెరువు అందమంతా నాకు ఆ కట్ట దిగేచోట ఉన్న వాలులో కనిపించింది. నీళ్ళు కూడా ఉన్నాయి, చూశాను. జింకల పార్కులో జింకల్ని చూశారా అని తర్వాత అందరూ అడిగారు. నేను చూడలేదు. బండి తోసేటప్పుడు అవి మమ్మల్ని చూసి ఉండవచ్చు.

వాలు పైకొసన ఒక రేకుల చాయ్ కొట్టు. దాన్ని నడిపే ఆవిడ పేరు మల్లమ్మ. అరవై దాటి ఉంటాయి. తిరుగు దారిలో నేను అక్కడ ఆగి, ఇంజన్ ఆపకుండానే బండి దిగుతుంటే కేకేసింది.

"గీడనే బంద్ జెయ్యి బిడ్డా. సెల్ఫ్ లేని బండ్లన్నీ నా తాననే పెడ్తరు. దిగువకు ఇడిస్తే అదే లేస్తది. చాయ్ తాగాలె, గంతే."

రెండు రూపాయల చాయ్‌కి వాలు ఉచితం. మా కాలనీలో అయితే దానికి ఒక సంఘం, ఒక రసీదు పుస్తకం ఉండేవి. సల్లగా కూర్చోమని స్టూలు వేసింది. నేను పులుసు గిన్నె సంగతి చెప్పాను. ఆవిడ మూత తీసి, వేలు ముంచి నాకి, మొహం చిట్లించింది.

"పచ్చిపులుసు జెయ్యమను నీ ఇంటామెను. చింతపండు పిసుకాలె. పచ్చిమిరపకాయలు నిప్పుల మీద కాల్చి నలుపాలె. ఉల్లిగడ్డ, జీలకర్ర, ఇంత కొత్తిమీర. పొయ్యి మీద పెట్టేదే లేదు."

"కాచకుండా పులుసేమిటమ్మా?" అన్నాను.

"కాచినంక అది పచ్చిపులుసెట్లయితది?" అంది. ఇంటికి వెళ్ళి అదే చెప్తే సత్యవతి కూడా నేనడిగిన ప్రశ్నే అడిగింది.

రెండో రోజు: యాదగిరి షెడ్డు

పొద్దున్నే కాలనీ తోసింది. మేడ్చల్ బస్ డిపో వెనక యాదగిరి షెడ్డు. యాదగిరి పని తెలిసిన మనిషని పేరు. శర్మగారి మాట చెప్పాను. ఇంజన్ ఆపి, తాళం తిప్పించి, ఆ టక్ విన్నాడు. "పెద్దసారు చెప్పినట్టే ఉన్నది. సెల్ఫ్ ఖతం సార్," అన్నాడు. డాక్టరు రాసిన చీటీ ముందు కాంపౌండరు మాట్లాడనట్టు, రిటైరైన ఆఫీసరు మాట ముందు ఇక్కడ మెకానిక్ మాట్లాడడు. అతని సొంత బుర్ర అడిగి ఉంటే బాగుండేది. మర్యాద అడ్డొచ్చింది.

మొదట బ్యాటరీ మీద తీగ విప్పాడు. "గిది మరిస్తే పానా తాకంగనే నిప్పులు ఎగుర్తయ్," అన్నాడు. గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాడు. సెల్ఫ్‌కి రెండు బోల్టులు. ఒకటి చేతికి అందింది. రెండోది కళ్ళు మూసుకుని వెతుక్కోవాల్సిన చోట ఉంది. పావుగంట గొణిగాక, మోటరుని పసిబిడ్డలా రొమ్ము మీద పెట్టుకుని బయటికి జారాడు. దాని మీద సత్యవతి రాసిన పసుపు, ఎర్రబొట్టు చెక్కు చెదరలేదు.

పక్క వీధిలో స్పేర్ పార్టుల సేటు మా మోటరుని పరీక్ష కూడా చేయకుండా మూల గుట్టలోకి విసిరాడు. పాతది ఇచ్చి, పైన ఎనిమిది వందలిస్తే, బాగుచేసింది ఇంకొకటి. దాన్ని బల్ల మీద పెట్టి బ్యాటరీ తీగలు తాకించాడు. గిర్రున తిరిగింది.

"సూసిండ్రా సార్? పులి లెక్క తిరుగుతాంది!"

యాదగిరి మళ్ళీ కిందికి దూరాడు. బిగించాడు. నేను దేవుణ్ణి తలుచుకుని తాళం తిప్పాను. టక్.

సేటు బల్ల మీద పులి, మా బండిలోకి రాగానే పిల్లి అయింది. అప్పటికి పదకొండున్నర దాటింది. షెడ్డు చుట్టుపక్కల జనం తోశారు. ఇంటికెళ్ళి గిన్నెలు ఎక్కించుకుని, ఏ బోర్డు చెప్పినా వినకుండా తోలి, పన్నెండూ ఇరవై ఎనిమిదికి సైటులో ఉన్నాను. ఆ రోజు కూడా బెల్లం పులుసే. అది కూడా సగం వెనక్కి వచ్చింది. "మీ ఆవకాయకు దండం సార్. పులుసు మీరే తాగుండ్రి," అన్నాడు తాపీ మేస్త్రీ. ఈ మాట సత్యవతికి మెత్తగా చెబుదామని దారంతా ఆలోచించాను. చెప్పక ముందే ఆవిడ గిన్నె బరువు చూసి తెలుసుకుంది. గిన్నె తోముతూ, "ఆ పచ్చిమిరపకాయలు ఎన్ని కాల్చమందండీ ఆవిడ?" అంది.

మూడో రోజు: మిలిటరీ సామాను

సేటు పదకొండింటికి గాని కొట్టు తెరవలేదు. వచ్చాక సాంబ్రాణి ధూపం వేసి, నాలుగు మూలలకీ దండం పెట్టి, అప్పుడు మా వైపు చూశాడు. యాదగిరి పొద్దున్నే విప్పి ఉంచిన నిన్నటి మోటరు తిరిగి తీసుకుని, గొంతు తగ్గించాడు.

"మీ బండికి గీ మామూలు పీసులు పడవు సార్. మిలిటరీ పీస్ ఉన్నది. నాగపూర్ కెళ్ళి నిన్ననే వచ్చింది. ఇంకో మూడొందలు ఇయ్యిండ్రి, మీకే ఇస్త."

నల్లగా నిగనిగలాడుతోంది. రంగు వాసన ఇంకా పోలేదు. ఒక్కటే పూత, అదీ కింద శుభ్రం చేయకుండా వేశారని నా పాతికేళ్ళ అనుభవం చెప్పింది. దేశాన్ని కాపాడేవాళ్ళ పనికి వంకలు పెట్టడం బాగుండదని ఊరుకున్నాను.

బిగించడానికి టైము లేదు. "ముందు తోలుకొని పోదాం సార్. అన్నం దించినంక మల్లమ్మ అవ్వ వాలు మీద పెట్టి బిగిస్త," అని యాదగిరి మోటరుని ఒళ్ళో పెట్టుకుని నా పక్కన ఎక్కాడు. వెనక పచ్చిపులుసు గిన్నె. సత్యవతి జీవితంలో మొదటిసారి బెల్లం లేకుండా చేసిన పులుసు. మేము కదులుతుంటే గేటు పట్టుకుని, "బాగోలేదంటే అబద్ధం చెప్పకండి," అంది.

చెరువు కట్ట ఎక్కబోతుండగా పక్క నుంచి ఒక బస్సు దూసుకొచ్చింది. బ్రేకు తొక్కాను. క్లచ్ తొక్కడం మరిచిపోయాను. ఇంజన్ ఆగిపోయింది.

టైము పదకొండూ యాభై. ముందు ఎక్కుడు, వెనక లారీలు. పైన కనిపిస్తున్న కొట్టు నుంచి మల్లమ్మ చెంగు నెత్తికి కప్పుకుని దిగి వచ్చింది. ముగ్గురం కలిసి తోశాం. బండి అంగుళం కూడా కదల్లేదు.

"పరేషాన్ గాకు సార్. గీడనే బిగిస్త," అని యాదగిరి రోడ్డు పక్కన గోనెసంచి పరిచాడు. ఇప్పుడు రెండో బోల్టు ఎక్కడుందో అతని వేళ్ళకి తెలుసు. ఇరవై నిమిషాల్లో పని అయింది. తాళం తిప్పాను.

టక్.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి ఏమీ లేదు, యాభై నాలుగేళ్ళ మనిషిని స్టీరింగు మీద తల పెట్టుకుని కూర్చున్నాను. ఇంకో ఇరవై నిమిషాల్లో సత్యవతి పని పోతుంది. ఆవిడ వంట వల్ల కాదు, నా బండి వల్ల. ఆ కొత్త గరిటె రోజూ కళ్ళ ముందు గోడకి వేలాడుతుంది.

యాదగిరికి మాత్రం కోపం వచ్చింది. "మూడు సెల్ఫులు ఒక్క తీరుగ సావయ్ సార్. పెద్దసారు మాట ఇడిసిపెట్టుండ్రి," అని, జేబులోంచి రెండు తీగలున్న చిన్న బల్బు తీశాడు. తాళం తిప్పి పట్టుకోమన్నాడు. ఒక తీగ బ్యాటరీకి పెట్టి, రెండోది మెల్లగా జరుపుకుంటూ పోయాడు. లావుపాటి తీగ చివరి బోల్టుకి తాకిస్తే బల్బు వెలిగింది. దానికి వేలెడు దూరంలో రేకు మీద రంగు గీకి తాకిస్తే ఆరిపోయింది. మళ్ళీ బోల్టు, మళ్ళీ రేకు. తల పైకెత్తాడు.

"సార్, గీ రంగు ఎవరేసిండ్రు?"

"నేనే."

"బోల్టు ఇప్పి లోపల గూడ ఏసిండ్రా?"

"రెండు పూతలు," అన్నాను.

యాదగిరి నొసలు కొట్టుకున్నాడు. "మోటరు తిప్పిన కరెంటు మల్ల బ్యాటరీకి పోవాలంటే గీ తొవ్వ ఒక్కటే సార్. గా తొవ్వకు మీరు గోడ కట్టిండ్రు."

పాతికేళ్ళు ఇనుముకి గాలి తగలకుండా చూడడమే నా ఉద్యోగం. ఈసారి కరెంటు కూడా తగలకుండా చూశాను. మల్లమ్మకి కరెంటు సంగతి తెలియదు గాని, ఏదో గీకాలని అర్థమైంది. కొట్టులోకి వెళ్ళి, మాడిన పాలగిన్నె గీకే అట్లకాడ తెచ్చింది. యాదగిరి బోల్టు విప్పి, నేను అంత శ్రద్ధగా వేసిన రెండు పూతల్నీ దాంతో గీకి పారేశాడు. ఇనుము తళతళ మెరిసింది. తీగ బిగించి, "కొట్టు సార్," అన్నాడు.

ఇంజన్ ఒక్క ఊపులో లేచింది. మల్లమ్మ ఉలిక్కిపడి అట్లకాడ వదిలేసింది.

పన్నెండూ ఇరవై తొమ్మిదికి సైటులోకి వెళ్ళాం. రాజిరెడ్డి వాచీ చూసుకుని, చెయ్యి కిందికి దించాడు. తాపీ మేస్త్రీ పచ్చిపులుసు అనుమానంగా ఒక గుక్క తాగాడు. తర్వాత పళ్ళెం ఎత్తి మిగిలింది కూడా తాగి, రెండోసారి వచ్చి నిలబడ్డాడు. అతని వెనక వరస కట్టారు. గిన్నె ఖాళీ అయింది.

"రేపటి సంది వంద మందికి తేండ్రి సార్," అన్నాడు రాజిరెడ్డి. "పులుసు గిదే ఉండాలె."

తిరుగు దారి

అలవాటు కొద్దీ బండిని మల్లమ్మ వాలు మీదే ఆపాను. ఆపి, తాళం తిప్పాను. లేచింది. ఆపి, మళ్ళీ తిప్పాను. మళ్ళీ లేచింది. డీజిల్ దండుగ బిడ్డా అని మల్లమ్మ అరిచేదాకా అదే పని.

యాదగిరి బోల్టులు ఇంకోసారి చూస్తానని కిందికి వంగాడు. చాలాసేపు లేవలేదు. నేనూ వంగి చూశాను. ఇంజన్ వేడికి మిలిటరీ మోటరు నల్లరంగు ఒక్క చోట పెచ్చులూడింది. అక్కడ పసుపు. పసుపు మధ్యలో ఎర్రబొట్టు. శుభ్రం చేయని ఇనుము మీద రంగు నిలవదని నేనెన్నోసార్లు రాసి ఉంటాను.

"సార్, గిది మనదే," అన్నాడు యాదగిరి.

నిన్ననే వచ్చిందని సేటు చెప్పింది అబద్ధం కాదు. నిన్న వాడి కొట్టుకి తీసుకొచ్చింది నేనే. రాత్రికి రాత్రే నాగపూర్ పోయి, మిలిటరీలో చేరి, రిటైరై వచ్చేసింది. మా అందరిలో యాత్ర అంటూ చేసింది అదొక్కటే.

దులిపి పారేద్దామని నేరుగా సేటు కొట్టు ముందు బండి ఆపాను. నేను నోరు తెరిచేలోపే సేటు బానెట్ ఎత్తాడు. "అబ్బ! లోపల రంగు మస్తుగున్నది సార్. ఎవరేసిండ్రు?" అన్నాడు.

యాదగిరి అటు తిరిగి దగ్గడం మొదలుపెట్టాడు. వాడి రంగు సంగతి మాట్లాడితే నా రంగు సంగతి కూడా బజారున పడుతుంది. "మోటరు బాగా తిరుగుతోంది సేటూ," అని ఇంటికి వచ్చేశాను.

సత్యవతి గేటు దగ్గరే ఉంది. బండి గురించి అడగలేదు. గిన్నె మూత తీసి చూసింది. వంద మందికి అన్నాను. ఆవిడ గిన్నె పట్టుకునే మెట్టు మీద కూర్చుండిపోయింది. కళ్ళు తుడుచుకుని, "మరి కొత్త సెల్ఫ్ బాగా పని చేస్తోందా?" అంది.

"కొత్తది కాదు, నువ్వు బొట్టు పెట్టిందే," అని జరిగిందంతా చెప్పాను. ఆవిడ బండి వైపు, నా వైపు చూసింది.

"అయితే ఈ మూడు రోజులూ తిరిగి తిరిగి మీరు మార్చిందేమిటండీ?"

ఆలోచించాను. మోటరు అదే, బండి అదే, దారి కూడా అదే.

"పులుసు," అన్నాను.